అమ్మ చెప్పింది, ఎవరో రాశారు: ఒక ట్రంకు పెట్టె ఉత్తరాల కేస్ స్టడీ

కుటుంబాల దగ్గర మిగిలిపోయిన పాత కాగితాలను సర్ది, జాబితా రాసి, భద్రపరిచే పని నాది. పేరుమోసినవాళ్ల ఉత్తరాలు నా దగ్గరికి పెద్దగా రావు. పని వెతుక్కుంటూ వెళ్లిన కొడుక్కి ఇంటినుంచి వచ్చినవి, అన్నదమ్ములు ఆస్తి గురించి రాసుకున్నవి, అప్పు తీసుకున్నవాడు గడువు అడుగుతూ రాసినవి వస్తాయి. జ్వరం తగ్గిందనీ, పైకప్పు కారుతోందనీ, నీ దగ్గర్నుంచి కబురు లేక చాలా రోజులైందనీ వాటిలో ఉంటుంది. మామూలు మనుషులు ఎలా బతికారో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం సాధారణంగా దొరకదు. చిక్కల్లా కింద సంతకం ఎవరిదుంటే పైనున్న మాటలన్నీ వాళ్లవే అనుకోవడంతో వస్తుంది.

అలా అనుకుని ఒక కుటుంబం మొత్తం ఒక మనిషిని ఎలా అపార్థం చేసుకుందో చెప్పే కేసు ఇది. వాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లు, దేశాలు, ఉత్తరాల భాష చెప్పడం లేదు. కొన్ని వివరాలు మార్చాను కూడా. మార్చినవాటి మీద ఇక్కడి వాదనలో ఏదీ ఆధారపడి లేదు.

నేపథ్యం

ఒక యువకుడు 1930ల చివర్లో పనికోసం సముద్రం దాటి వెళ్లాడు. తిరిగి ఊరికి వచ్చి స్థిరపడలేదు. అతనికి ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు 1960ల మొదటి వరకు ఉన్నాయి, నాలుగు వందల చిల్లర. చాలావాటి కింద తల్లి పేరు. కొన్ని మేనమామవి, కొన్ని చెల్లెలివి. అతను వాటిని ఒక ట్రంకు పెట్టెలో పెట్టుకుని, ఇళ్లు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్లాడు. ఇది కాస్త అరుదు. అద్దె గదులు మారేవాళ్ల దగ్గర కాగితాలు నిలవవు. ఎక్కువగా ఇంటిదగ్గర ఉన్నవాళ్ల వైపే మిగులుతాయి. ఇక్కడ అది తలకిందులైంది. ఊళ్లో ఇల్లు పడగొట్టినప్పుడు అతను రాసిన జవాబులన్నీ పోయాయి. కాబట్టి మా చేతిలో ఉన్నది సంభాషణలో ఒక వైపు మాత్రమే.

అతని మనవరాలు ఆ పెట్టె తెచ్చింది. తల్లి పేరుతో ఉన్న ఉత్తరాల్లో బాగున్నవి ఏరి చిన్న పుస్తకం వేయాలని ఆమె కోరిక. పని అప్పటికే మొదలుపెట్టింది. దానివల్ల ఎదురైన చిక్కులు తీర్చడానికే నా దగ్గరికి వచ్చింది.

వచ్చిన సమస్య

ఆమె అడిగినవి రెండు. మొదటిది, తేదీ లేని ఉత్తరాలకు తేదీలు పట్టడం. సగానికి పైగా ఉత్తరాల మీద సంవత్సరం లేదు. కొన్నింటి మీద వారం పేరు మాత్రమే ఉంది, కొన్నింటి మీద అదీ లేదు. రెండోది ఆమె మాటల్లో చెప్తే, "మా ముత్తవ్వ ఎందుకిలా ఉండేదో అర్థం కావట్లేదు." మొదటి పదేళ్ల ఉత్తరాల్లో ఆ తల్లి కొడుకు బాగోగులు రెండు వాక్యాల్లో అడిగేసి, మిగతాదంతా డబ్బు గురించే రాయించినట్టు కనిపిస్తుంది. ఎంత పంపావు, ఎందుకు తగ్గింది, ఫలానా తేదీలోగా ఎంత కావాలి. 1950 తర్వాతి ఉత్తరాల్లో అదే మనిషి పూర్తిగా మారిపోయినట్టుంటుంది. వాన, మేకపిల్ల, ఎవరి కాలు బెణికింది, నువ్వు చిన్నప్పుడు ఎక్కిన గోడ కూలిపోయింది వంటివన్నీ వస్తాయి. వయసు మీద పడ్డాక మనసు మెత్తబడిందని కుటుంబంలో అందరూ నమ్మారు. పుస్తకానికి ఆమె రాసుకున్న ముందుమాట కూడా అదే కథ చెబుతోంది.

తల్లికి చదవడం, రాయడం రాదన్న సంగతి ఆమె మాటల మధ్యలో, పెద్ద విషయం కానట్టు చెప్పింది. నేను అక్కడే ఆగాను. ఈ కేసులో తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క వాక్యం నుంచి వచ్చినవే.

అప్పటికే జరిగిపోయినవి

మొదట పెట్టె పరిస్థితి చెప్పాలి. ఎప్పుడో ఒక పిల్లవాడు స్టాంపుల సరదా కొద్దీ కవర్ల మూలలు కత్తిరించాడు. స్టాంపుతో పాటు దాని మీద పడ్డ తపాలా ముద్ర, అంటే ఉత్తరం బయలుదేరిన ఊరు, తేదీ కూడా పోయాయి. అయితే కవరు వెనక కొన్నిసార్లు చేరిన ఊరి ముద్ర పడుతుంది. పిల్లలు దాన్ని కత్తిరించరు కదా, అది మిగిలింది. ఈ మధ్యనే కుటుంబం ఉత్తరాలను కవర్లలోంచి తీసి, తేదీ ఉన్నవాటిని వరసగా పేర్చి, కవర్లను విడిగా ఒక సంచిలో వేసింది. పారేయకపోవడం అదృష్టం. "బాగున్నవి" అనుకున్న కొన్ని ఉత్తరాలను లామినేషన్ చేయించారు. చిన్న చిన్న చీటీలు చాలా దొరికితే, ఉత్తరాలు కావని వాటిని మరో డబ్బాలో పెట్టారు.

ఒక బంధువు కొన్ని ఉత్తరాలను టైపు చేసి పెట్టారు. చాలా ఓపికగా చేసిన పని. కాకపోతే అక్షరదోషాలు దిద్ది, మొదట్లో వచ్చే కుశలప్రశ్నలన్నీ ఒకేలా ఉన్నాయని తీసేశారు.

ఆ కుశలప్రశ్నల గురించి ఒక మాట. పోలండ్ నుంచి అమెరికా వలస వెళ్లిన రైతు కుటుంబాల ఉత్తరాలను ఆధారంగా తీసుకుని థామస్, జ్నానియెత్‌స్కి అనే ఇద్దరు పండితులు 1918–20 మధ్య ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశారు. ఒక్కొక్కరి పేరూ చెప్పి నమస్కారాలు పంపే ఆ మూస వాక్యాలను వాళ్లు ఉత్తరానికి కేంద్రంగా చూశారు. దూరమైనా మనం ఒక కుటుంబమే అని చెప్పుకోవడం ఆ ఉత్తరాల అసలు పని, వార్తలు దాని తర్వాతివి అన్నారు. నాకు ఇందులో ఇంకో ఉపయోగం కూడా ఉంది. మూస వాక్యం రాసేవాడి అలవాటు. ఎవరు రాస్తే వాళ్ల మూస వస్తుంది. దాన్ని తీసేస్తే రాసిన చేతిని పట్టుకునే తేలికైన గుర్తు పోతుంది.

ముందు ప్రయత్నించినవి

మనవరాలికి తేదీలు తొందరగా కావాలి కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాం. వారం, తేదీ, నెల మూడూ ఉన్న ఉత్తరాలకు క్యాలెండర్ లెక్క కొంత పనిచేస్తుంది. ఒక తేదీ అదే వారం రోజున మళ్లీ రావడానికి 5, 6 లేదా 11 ఏళ్లు పడుతుంది. పాతికేళ్ల పరిధిలో ఒక్కో ఉత్తరానికి మూడు నాలుగు సంవత్సరాలు మాత్రమే మిగులుతాయి. లోపలి విషయంతో పోల్చి వాటిలో ఒకటి ఎంచుకోవచ్చు. రాత సాధనం కూడా సాయం చేస్తుంది. బాల్‌పెన్ మామూలు జనం చేతికి వచ్చింది 1945 తర్వాతే, కాబట్టి బాల్‌పెన్‌తో రాసినవి అంతకు ముందువి కావు.

ఈ పద్ధతితో కొన్ని ఉత్తరాలు కుదిరాయి. చాలావరకు కుదరలేదు. వారం పేరు ఒక్కటే ఉంటే ఏ లెక్కా పనిచేయదు. దానికన్నా ఇబ్బంది మరొకటి. "లోపలి విషయం" అని దేన్ని పట్టుకున్నా అది మనవరాలి కథనే తిరిగి చెబుతోంది. కఠినంగా ఉన్నది ముందుదని, మెత్తగా ఉన్నది తర్వాతదని పెట్టేయాలనిపిస్తుంది. ఆ తర్వాత ఆ వరస చూపించి "చూశారా, మనిషి మెత్తబడింది" అంటాం. రుజువు చేయాల్సిన దాన్నే ఆధారంగా వాడినట్టవుతుంది. అందుకే తేదీల పని ఆపేశాను. ఆమెకు కొంచెం టెన్షన్‌గానే అనిపించింది, ఎందుకంటే పుస్తకానికి ఒక ముహూర్తం అనుకుని ఉన్నారు.

చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ కూడా చూశాం. ఒకే దస్తూరిలో కొన్ని వేల పదాలు ముందుగా నేర్పితే అవి బాగానే చదువుతాయి. ఇక్కడ ఎన్ని దస్తూరిలున్నాయో మాకే తెలియదు. కలగాపులగంగా నేర్పితే వచ్చేది కలగాపులగమే. దాన్ని పక్కన పెట్టడానికి ఎక్కువ ఆలోచించలేదు.

లామినేషన్ చేసినవాటిని విడదీయాలా అన్న ప్రశ్న వచ్చింది. వద్దన్నాను. వేడితో అంటించిన ప్లాస్టిక్‌ను విప్పడం నిపుణులకే ప్రమాదకరమైన పని. పైగా వాటిలో కొన్ని కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. చూడడానికి మామూలు పెన్సిల్‌లాగే ఉంటుంది, కానీ అందులో రంగు కలిసి ఉంటుంది. తడి తగిలిందంటే ఊదారంగులోకి మారి కాగితమంతా పాకుతుంది. ద్రావకాలతో ప్రయోగాలు చేసే చోటు కాదిది. ఆ ఉత్తరాల మడతలు, వెనకవైపు గుర్తులు ఇక చూడలేమని ఒప్పుకుని ముందుకెళ్లాం.

దారి మార్చిన నిర్ణయం

వచ్చినప్పుడు పెట్టెలో ఏది ఎక్కడ ఉందో తెలుసుకోవడం కోసం మనవరాలి ఫోన్ అడిగాను. పెట్టె మొదటిసారి తెరిచిన రోజు సంబరంగా ఫొటోలు తీసి బంధువులకు పంపిందట. ఇలాంటి ఫొటోలు దాదాపు ప్రతి కుటుంబం దగ్గరా ఉంటాయి, వాటి విలువ ఎవరికీ తెలియదు. వాటిలో ఉత్తరాలు కట్టలుగా, దారాలు కట్టి ఉన్నాయి. పైనున్న కవర్లు, దారాల రంగు, కట్టల మందం కనిపిస్తున్నాయి. వాటితో సరిపోల్చుకుంటూ, కవర్ల మీద దారం ఒరిసిన గీతలు చూసుకుంటూ, ఏ కట్టలో ఏవి ఉండేవో చాలావరకు తిరిగి పేర్చగలిగాం.

కాగితాలను దాచుకున్నవాళ్లు ఏ వరసలో ఉంచుకున్నారో ఆ వరసను చెరపకూడదన్నది ఆర్కైవ్ పనిలో, అంటే పాత కాగితాలను భద్రపరిచే పనిలో, పాత సూత్రం. ఒకచోటి నుంచి వచ్చిన కాగితాలను ఒకచోటే ఉంచాలని ఫ్రాన్స్‌లో 1841లో ఉత్తర్వు ఇచ్చారు. లోపలి వరసను కూడా గౌరవించాలన్న మాట జర్మన్, డచ్ ఆర్కైవ్‌లలో బలపడి, 1898లో డచ్చివాళ్లు రాసుకున్న నియమావళిలో స్థిరపడింది. ఇవి ప్రభుత్వ కాగితాల కోసం పుట్టిన నియమాలు. ట్రంకు పెట్టెలకు ఇవి వర్తించవని, ఇంట్లో కాగితాలు ఎలా పడితే అలా ఉంటాయని వాదించేవాళ్లు మా పనిలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. గజిబిజి అని తేల్చేముందు చూడాలి.

ఇక్కడ కట్టలు తేదీల వరసలో లేవు. ఒక కట్టలో 1940ల ఉత్తరాలు, 1950ల ఉత్తరాలు కలిసి ఉన్నాయి. మొదట చూస్తే అర్థం లేనట్టే ఉంది. అప్పుడు విషయాన్ని పక్కన పెట్టి అక్షరాలను మాత్రమే చూడడం మొదలుపెట్టాం. ప్రతి ఉత్తరానికీ కొన్ని గుర్తులు రాసుకున్నాం. అక్షరం వాలు, ఒత్తు, వాక్యం ఎక్కడ ఆపుతారు, తప్పు రాసినప్పుడు కొట్టేస్తారా దిద్దుతారా, మొదటి కుశలప్రశ్న ఏ మూసలో ఉంది, సంతకం ముందు ఏ మాట వస్తుంది. టైపు ప్రతిలో ఇవేవీ లేవు, అందుకే మూలంలోకి వెళ్లక తప్పలేదు.

తల్లి పేరు కింద మూడు దస్తూరిలు తేలాయి. ఒకటి బాగా చదువుకున్న చేయి, వాక్యాలు గ్రాంథికంగా, లాంఛనంగా ఉంటాయి. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. రెండోది మేనమామది. ఆయన తన సొంత పేరుతో రాసిన ఉత్తరాలు కూడా ఉన్నాయి కాబట్టి పోల్చడం సులువైంది. మూడోది చెల్లెలిది. మొదట్లో గుండ్రంగా, గీతలు తప్పుతూ, రానురాను కుదురుకున్న రాత. పిల్ల చేతిరాత ఏడాదికేడాది మారుతుంది కాబట్టి, ఆమె రాసినవాటిని తేదీలు లేకపోయినా వరసలో పెట్టగలిగాం. క్యాలెండర్ లెక్క ఇవ్వలేనిది ఇలా దొరికింది.

ఆ కొడుకు కట్టలు కట్టింది దస్తూరి ప్రకారం. చెల్లెలు రాసినవన్నీ ఒకచోట. మేనమామ రాసినవి, కింద ఎవరి పేరున్నా సరే, ఇంకోచోట. అంటే తల్లి పేరుతో వచ్చినా ఏది ఎవరి మాటో అతనికి తెలుసు. కనీసం తెలుసని అనుకున్నాడు. కుటుంబం తేదీల వరసలో పేర్చినప్పుడు అతను చేసిన ఆ వర్గీకరణ మాయమైంది.

"మెత్తబడిన" తల్లి

దస్తూరిలను కాలంతో కలిపి చూస్తే ముందుమాటలోని కథ విడిపోయింది. మొదటి పదేళ్లలో తల్లి పేరుతో వచ్చినవాటిలో ఎక్కువ మేనమామ రాసినవి. డబ్బు అడిగినవి దాదాపుగా అవే. ఎవరిదో తేలని ఆ బాగా చదువుకున్న చేయి రాసినవాటిలో డబ్బు ప్రస్తావన తక్కువ, ఆరోగ్యం, ఆశీర్వాదాలు ఎక్కువ. 1950 ప్రాంతంలో మేనమామ రాయడం ఆగిపోతుంది. చెల్లెలు రాయడం పెరుగుతుంది. తల్లి మారిందనుకున్న సమయం, రాసే మనిషి మారిన సమయం ఒకటే.

చెల్లెలు అంతకుముందు రాసిన కొన్ని తొలి ఉత్తరాలు ఈ ఊహకు గట్టి పరీక్ష. మేనమామ రాస్తున్న రోజుల్లోనే, ఆయన లేనప్పుడు కాబోలు, ఆ పిల్ల చేత రాయించినవి అరకొరగా ఉన్నాయి. తల్లి స్వభావమే కఠినమైతే అవీ అలాగే ఉండాలి. వాటిలో మేకలూ గోడలూ అప్పటికే ఉన్నాయి.

రాయించుకున్న ఉత్తరం కొత్త సంగతేమీ కాదు. ఉత్తర బ్రిటన్‌లోని విండోలాండా అనే రోమన్ సైనిక శిబిరంలో క్రీ.శ. 100 ప్రాంతపు చెక్క పలకలు దొరికాయి. క్లాడియా సెవెరా అనే స్త్రీ తన పుట్టినరోజుకు స్నేహితురాలిని పిలుస్తూ పంపిన ఉత్తరం వాటిలో ఒకటి. పిలుపంతా రాతగాడి దస్తూరి. చివర్లో కొద్ది మాటలు మాత్రం ఆమె సొంతంగా రాసింది. లాటిన్‌లో స్త్రీ చేతిరాతకు మనకు తెలిసిన అతి పాత నమూనాల్లో అదొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కు వెళ్లిన భారత సైనికుల్లో చాలామంది ఉత్తరాలు ఇంకొకరి చేత రాయించుకున్నారు. ఇంటిదగ్గర వాటిని ఎవరో గట్టిగా చదివి వినిపించేవాళ్లు. మధ్యలో సెన్సారు అధికారులు చదివేవాళ్లు. సెన్సారువాళ్లు చేసుకున్న ఇంగ్లీషు అనువాదాలు ఈరోజు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చదివేవాళ్లు ఉన్నారని తెలిసిన సైనికులు భారత సైనికులను నల్ల మిరియాలని, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలని రాశారు.

ఆ సంగతి ఇక్కడ పనికొచ్చింది. చెప్పేది ఒకరు, రాసేది ఒకరు, విప్పి చదివేది ఇంకొకరు అయినప్పుడు, మనసులో మాట ఉత్తరంలో ఉండదు. ఇంకెక్కడైనా ఉండాలి. అప్పుడు గుర్తొచ్చింది, ఉత్తరాలు కావని పక్కన పెట్టిన చీటీల డబ్బా.

చీటీలు

వేలెడంత కాగితాలు, నోటుపుస్తకం అంచులు చించి రాసినవి. చిరునామా లేదు, తేదీ లేదు, సంబోధన కూడా చాలావాటిలో లేదు. అన్నీ చెల్లెలి చేతిరాతే. ఒక్కొక్కటి ఏ ఉత్తరంతో వచ్చిందో తెలిస్తే తప్ప అర్థం కావు. "అది నమ్మొద్దు" అని ఉంటే ఏది నమ్మొద్దు?

జతచేయడానికి మడతలు చూశాం. ఉత్తరాన్ని మడిచి, మడతలో చీటీ పెట్టి, మొత్తాన్ని కవరులో నొక్కితే ఉత్తరం మడత గుర్తు చీటీ మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే సిరా నీడ కూడా అంటుకుంటుంది. కొన్నింటిని గుండుసూదితో గుచ్చారు, సూది తుప్పు రెండు కాగితాల మీదా ఒకేచోట ఉంది. వెలుతురు పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి చూస్తే ఈ గుర్తులు బాగా కనిపిస్తాయి. కవర్ల సంచి తిరిగి తెరిచి, కవరు కొలతకు మడత కొలత సరిపోల్చాం. కవరు వెనక మిగిలిన చేరిన ఊరి ముద్ర నుంచి తేదీ కూడా దొరికింది. ఒక గుర్తు మాత్రమే కలిస్తే "కావచ్చు" అని, రెండు కలిస్తే "ఇదే" అని రాశాం. ఏదీ కలవనివి విడిగానే ఉంచాం. వాటిని మాట సందర్భం చూసి జతచేద్దామని మనవరాలు అడిగింది. అలా చేస్తే మళ్లీ మనకు నచ్చిన కథ మనమే కుట్టుకుంటామని ఆపాను.

జత కుదిరిన చీటీలు దాదాపు అన్నీ మేనమామ రాసిన ఉత్తరాలవే. సారాంశం ఇది: పెద్ద ఉత్తరంలో అడిగిన మొత్తం అమ్మ చెప్పింది కాదు, మామయ్య కూర్చుని రాశాడు, అమ్మ పక్కన ఊరుకుంది. ఒక చీటీలో, నువ్వు జవాబు రాసేటప్పుడు ఈ సంగతి రాయొద్దు, చదివి వినిపించేది ఆయనే అని ఉంది. కవరు అంటించి పోస్టు చేసే పని ఆ పిల్లదే అయి ఉండాలి, లేకపోతే చీటీ లోపల పెట్టడం సాధ్యం కాదు. పైగా యుద్ధం రోజుల కవర్లకు సెన్సారువాళ్లు తెరిచి మళ్లీ అంటించిన కాగితపు పట్టీలున్నాయి. అంటే మేనమామ కంటపడని చీటీలను ఎవరో ఒక గుమాస్తా చదివి ఉండాలి.

ఇక్కడ చాలామంది పరిశోధకులు గీత దాటతారు. చీటీలు నిజం, ఉత్తరాలు అబద్ధం అనేస్తారు. చీటీ కూడా ఒక మనిషి మాటే. అన్నను తనవైపు తిప్పుకోవాలనే కారణం చెల్లెలికీ ఉండొచ్చు. ఇంటికి నిజంగా డబ్బు అవసరమై ఉండొచ్చు, మేనమామ అడిగిన తీరు మాత్రమే గట్టిగా ఉండి ఉండొచ్చు. కాగితం చెప్పగలిగింది ఇంతే: తల్లి పేరుతో వచ్చిన ఆ మాటలు తల్లివని అనడానికి ఆధారం చాలదు, కావని ఆ ఇంట్లోనే ఒకరు చెప్పారు.

బతికున్నవాళ్లను అడగడం

మేనమామ వైపు కుటుంబంలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఆ ఇంట్లో చిన్నప్పుడు పెరిగిన మనిషి. ఆమెను చీటీల గురించి అడుగుదామని మనవరాలి ఆత్రం. నేను ఒప్పుకోలేదు. "మీ తాతయ్య ఇలా చేశారట, నిజమేనా" అని అడిగితే ఎవరైనా తాతయ్యనే కాచుకుంటారు, కాచుకోవాలి కూడా. ఏ కాగితమూ చూపించకుండా ఒకటే అడిగాం: ఆ ఇంటికి ఉత్తరం వస్తే ఏం జరిగేది?

ఆమె చాలాసేపు మాట్లాడారు. ఉత్తరం వచ్చిందంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారట. తాతయ్య చదివేవారు, కొన్నిచోట్ల ఆగి, లోపల చదువుకుని, మళ్లీ గట్టిగా చదివేవారు. ఆ ఆగిన చోట్ల ఏముందో పిల్లలకు తెలియదు. తల్లి ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. ఆయన ఆ ఇంటికి చాలా చేశారని, ఆయన లేకపోతే ఆ కుటుంబం నిలిచేది కాదని కూడా ఆమె అన్నారు. ఈ మాటను కూడా అదే జాబితాలో, అదే పెద్ద అక్షరాల్లో ఎక్కించాం.

ఎవరి సొత్తు, ఎవరు చూడొచ్చు

ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది, అందులో మాటలు రాసినవాళ్లవి. ఈ తేడాను ఇంగ్లండు కోర్టు 1741లోనే గుర్తించింది. కవి అలెగ్జాండర్ పోప్ తన ఉత్తరాలు అచ్చువేసిన ప్రచురణకర్త ఎడ్మండ్ కర్ల్ మీద వేసిన దావాలో, ఉత్తరం అందుకున్నంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు రాదని తేల్చారు. చాలా దేశాల చట్టాలు ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నాయి. చెప్పి రాయించిన ఉత్తరంలో మాటల హక్కు ఎవరిదన్నది మరింత చిక్కు ప్రశ్న. మా కేసులో దాన్ని తేల్చే అవసరం రాకుండా మూడు వైపుల వారసుల దగ్గరా రాతపూర్వకంగా అనుమతి అడిగాం. తల్లి, చెల్లెలి వైపువాళ్లు ఇచ్చారు. మేనమామ వైపువాళ్లు ఉత్తరాలకు ఇచ్చి, చీటీలకు ఇవ్వలేదు.

మనవరాలికి కోపం వచ్చింది. చీటీలే కదా అసలు నిజం అంది. నా ఆలోచన వేరు. మేనమామను నేరుగా తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, ఆయన జవాబు చెప్పుకోలేడు. చీటీలను మిగతావాటితో పాటే రంగుల్లో, రెండు వైపులా, మంచి స్పష్టతతో స్కాన్ చేసి, మూలాలను ఆమ్లం లేని ఫోల్డర్లలో జత ఉత్తరాల పక్కనే పెట్టాం. ఆయన్ని ఎరిగిన తరం ఉన్నంతవరకు వాటిని బయటివాళ్లకు చూపించకూడదని ఒప్పందం రాసుకున్నాం. దాచడానికీ చెరపడానికీ ఉన్న తేడాను ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి సమయం పట్టింది. జాబితాలో చీటీలు ఉన్నాయని, ఎన్ని ఉన్నాయని, ఎందుకు మూసి ఉంచామని స్పష్టంగా రాశాం.

ఇప్పుడు వేరేగా చేస్తున్నవి

ఈ కేసు తర్వాత నా జాబితా పట్టికలో "రచయిత" అనే గడి తీసేశాను. దాని చోట నాలుగు పెట్టాను: పేరు ఎవరిది, చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, అవతల చదివి వినిపించింది ఎవరు. తెలియకపోతే తెలియదని రాయడం తప్పనిసరి. ఖాళీగా వదలకూడదు, వదిలితే చదివేవాళ్లు సంతకం పేరే నింపేసుకుంటారు.

కుటుంబం మొదటిసారి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలు కూడా మారాయి. పెట్టె తెరిచిన రోజు ఫొటోలున్నాయా అన్నది మొదటిది. ఆ ఇంట్లో ఎవరికి చదువు వచ్చేది అన్నది రెండోది. దీనికి జవాబు తరచుగా వింతగా ఉంటుంది, ఎందుకంటే పెద్దవాళ్లకు రాదని చెప్పుకోవడం చాలామందికి చిన్నతనం. పక్కదారిలో అడగాలి: డబ్బు వచ్చినప్పుడు సంతకం ఎవరు పెట్టేవారు, పిల్లల బడి కాగితాలు ఎవరు చదివేవారు.

ఏరుకోవడం విషయంలో నేను మరింత మొండిగా తయారయ్యాను. బాగున్న ఉత్తరాలు ఇరవై ఇస్తాం, మిగతావి మీకెందుకు అనేవాళ్లుంటారు. అన్నీ ఒకేలా ఉన్న విసుగు పుట్టించే ఉత్తరాలు లేకపోతే దస్తూరిలను పోల్చలేం, మూసలను పట్టలేం, చీటీల జతలు దొరకవు. ఇక్కడ కేసు తేల్చింది అవే. ఏరోగ్రామ్‌ల విషయంలోనూ, అంటే మడిచి అంటిస్తే అదే కవరయ్యే విమాన తపాలా కాగితాల విషయంలోనూ, ఒక జాగ్రత్త ఉంది. అంచు మడతల మీద చోటు చాలక చివరి మాటలు రాసేవారు. తెరిచేటప్పుడు చింపిన ముక్క పోతే ఆ మాటలు పోతాయి. కవరు అడుగున మిగిలిన తుక్కును కూడా విదిలించకుండా తీసుకురమ్మని ఇప్పుడు ముందే చెబుతున్నాను.

కొడుకు రాసిన జవాబులు పోయాయన్నాను కదా. వాటిని తిరిగి తేలేం గానీ, వచ్చిన ఉత్తరాల్లో "నువ్వు అడిగినట్టు", "నువ్వు రాసిన పని" అని ఉన్న ప్రతి చోటునూ రాసి పెట్టుకుంటే అతను ఏమేమి అడిగాడో కొంత తెలుస్తుంది. ఆ జాబితా చేశాం. గోడ గురించి, మేక గురించి అతను పదే పదే అడిగాడు. చెల్లెలు రాసినవాటిలోనే వీటికి జవాబులున్నాయి.

పుస్తకం ఆలస్యంగా వచ్చింది, చీటీలు లేకుండా. ప్రతి ఉత్తరం పైనా ఎవరి పేరు, ఎవరి దస్తూరి అని రెండూ అచ్చువేశారు. మనసు మెత్తబడిందన్న ముందుమాటను మనవరాలు తీసేసి కొత్తది రాసింది. మేనమామ వైపు మనవడొకాయన దాన్ని చదివి, తాతయ్య లెక్కలు రాసుకున్న పుస్తకం ఒకటి తన దగ్గర ఉందని ఫోన్ చేశాడు. వచ్చిన డబ్బు ఎటు ఖర్చయిందో అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కట్లు విప్పకుండా, పేజీల మధ్య ఏమైనా ఉంటే తీయకుండా, ముందు ఫొటోలు తీసి పంపమని చెప్పాను.